హెల్మెట్టు కింద బొట్టు

ఆ శనివారం తెల్లవారుజామున సుందరలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదింటికి కోడుమూరులో సైకిలెక్కాలి. దేవనకొండ మీదుగా, మధ్యాహ్నంలోపు, పత్తికొండలో తమ్ముడి ఇంటి ముందు దిగాలి. మధ్యలో ఏ బండీ ఎక్కకూడదు.

పథకం వెనక ఒక పందెం ఉంది. కొడుకు తేజేశ్వర్ బెంగళూరులో కొండలెక్కడానికని లావు టైర్ల గేర్ల సైకిలొకటి కొన్నాడు. రెండు కొండలెక్కి, మూడో కొండ దగ్గర మోకాలు పట్టుకుని, దాన్ని ఇంటికి పంపేశాడు. వరండాలో పడి ఉన్న ఆ సైకిలును సుందరలక్ష్మి ఒకరోజు దుమ్ము తుడవడానికి ముట్టుకుంది, మరునాడు కాస్త తోసి చూసింది, మూడోనాడు ఎక్కేసింది. యాభై ఒకటో ఏట, మూడు నెలలపాటు, ఊరు లేవకముందే మార్కెట్ యార్డు వెనక తిరిగింది. ఇంతలో కొడుకు దాన్ని అమ్మకానికి పెట్టేశాడు. శనివారం సాయంత్రం కర్నూలు నుంచి మనిషి వచ్చి తీసుకుపోతాడన్నాడు.

"అమ్మొద్దురా. నేను యార్డు కాడ తొక్కుతాండా," అంది ఫోనులో.

"యార్డు చుట్టూ తిరిగేదానికి ఇరవయ్యొక్క గేర్లెందుకమ్మా?"

"పత్తికొండకు పోతే?"

తేజేశ్వర్ అర నిమిషం నవ్వాడు. "ఏ బండీ ఎక్కకుండా మామ ఇంటికాడికి పో. సైకిలు నీదే."

భర్త రామకోటయ్యకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఆయనకు బజారులో బట్టల అంగడి ఉంది. అంగడాయన భార్య సైకిలు తొక్కుతోందన్న మాట చెవిన పడితే ఆ పూట చీరలు మడతపెట్టడం మానేసే మనిషి. అందుకని తమ్ముడింటికి పోతున్నానని, టిఫిను హోటల్లో చూసుకోమని మాత్రం ముందురోజే చెప్పింది. బస్సులో పోతుందనుకుని ఆయన తల ఊపాడు.

బయలుదేరేముందు, బ్రేకుల మీద పడి గలగలమంటున్నాయని గాజులు తీసి సంచిలో వేసుకుంది. కొడుకు పాత చొక్కా తొడిగి మెడదాకా గుండీలు పెట్టుకుంది. తాళి లోపల ఉండిపోయింది. మెట్టెలు బూట్లలోకి పోయాయి. రోజూలాగే కుంకుమ బొట్టు పెట్టుకుని, దాని మీద హెల్మెట్టు పెట్టుకుంది. గురక పెడుతున్న భర్త మీద దుప్పటి సరిచేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

కొండల కోసం చేసిన సైకిలు ఆ చదును నేల మీద నీళ్ల మీద పోతున్నట్టు పోయింది. అటు చూస్తే కంది, ఇటు చూస్తే పత్తి, గట్ల మీద ఆముదం చెట్లు. ముప్పై ఏళ్లుగా బస్సులో పోయిన దారే అది. బస్సులోంచి ఊళ్లంటే స్టాండు, సోడా బండి, అంతే. సైకిలు మీద పోతుంటే ఒక ఊళ్లో సగం కూలిన పాత కోట బురుజు కనిపించింది. దాని కొసన రాజులాగా ఒక మేక నిలబడి ఉంది. ఇంకో ఊళ్లో, కత్తి పట్టుకున్న వీరుణ్ణి చెక్కిన రాతికి ఎవరో ఎద్దును కట్టేశారు. వీరుడు ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. సుందరలక్ష్మి ఇద్దరికీ చెయ్యి ఊపింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి.

దేవనకొండకు ఇవతల ఒక చేను దగ్గర ఆగి హెల్మెట్టు తీసింది. బొట్టంతా చెమటకు కరిగి హెల్మెట్టు మెత్తకు అంటుకుపోయింది. ట్రాక్టరు లేపిన దుమ్ముకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. చేతిలో అద్దం లేదు కనుక ఇవేవీ ఆమెకు తెలియవు.

కూలీలతో వేరుశనగ పీకిస్తున్న కృష్ణవేణమ్మ ఆమెను గుర్తుపట్టి నవ్వుతూ ఎదురొచ్చింది. ఇరవై ఏళ్లుగా వాళ్ల అంగట్లోనే బట్టలు కొంటున్న రైతు ఇంటి మనిషి. నాలుగడుగులు వేసి నుదుటికేసి చూసింది. ఆపైన చేతులు, మెడ చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ స్థితిలో ఉన్న ఆడమనిషిని ఆ సంగతి అడగకూడదు. కృష్ణవేణమ్మ అడగలేదు.

"ఒక్కదానివే వస్తివా తల్లీ?"

"ఒక్కదాన్నే. తమ్ముని ఇంటికాడికి పోతాండా."

"పిల్లోనికి చెప్పినావా?"

"చెప్పినా. వాడు నమ్మల్యా."

కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుంది. "నీ ధైర్యం ఎవరికుంటాదమ్మా," అంటూ మంచినీళ్లిచ్చి, పచ్చి వేరుశనగ బుడ్డలు రెండు దోసిళ్లు సంచిలో పోసింది. కూలి ఆడవాళ్లు పని ఆపి లేచి నిలబడ్డారు. సైకిలు తొక్కితే ఇంత గౌరవమా అనుకుంటూ సుందరలక్ష్మి హెల్మెట్టు పెట్టుకుని కదిలింది. దేవనకొండలో అరుగుల మీది ఆడవాళ్లు మాటలాపి ఆమెనే చూశారు. ఒక ముసలాయన ఎద్దులబండి పక్కకు తీసి, దిగి నిలబడ్డాడు. ఆమె సభకొచ్చిన ముఖ్య అతిథిలా అందరికీ తల వంచుతూ పోయింది.

కృష్ణవేణమ్మ ఫోను ఆమెకంటే ముందే దేవనకొండ చేరింది, ఇంకా పనిచేస్తూనే ఉంది. కోడుమూరులో తమకు ఎరువులమ్మే శ్రీనివాసులుకు చేసింది. ఆయన వర్తక సంఘం కార్యదర్శి కూడా. ఆయన గుండె పట్టుకుని రామకోటయ్య ఇంటికి పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. రామకోటయ్య ఆ సమయంలో హోటల్లో రెండో దోసె చెప్పాడు. కానీ తాళం చూసిన శ్రీనివాసులుకు, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారని అర్థమైపోయింది. రామకోటయ్యకు ఫోను చేసి అడగాలని ఆయనకు తోచలేదు. పోయిన మనిషికి ఫోను ఎవరు చేస్తారు? పత్తికొండలో సుందరలక్ష్మి తమ్ముడు వేణుగోపాల్‌కు కబురు చెప్పాడు. పూలదండ చెప్పాడు. సంఘం కట్టుబాటు ప్రకారం బజారంతా షట్టర్లు దించమన్నాడు.

పత్తికొండ పది కిలోమీటర్లుందనగా, ఎదురుగా వచ్చిన కారొకటి సుందరలక్ష్మి పక్కన ఆగింది. వేణుగోపాల్, అతని భార్య పద్మప్రియ దిగారు. పద్మప్రియ వచ్చి సైకిలుతో సహా కౌగిలించుకుని భోరుమంది.

"అక్కా, దిగి కారెక్కు," అన్నాడు వేణుగోపాల్.

"ఎక్కను. ఇంకా పదే ఉండాది."

"యాడికి పోతాండావు నువ్వు?"

"మీ ఇంటికే."

"మేమీడుంటే ఆడెవరుండారు?"

"ఎవరూ లేకున్నా ఏం కాదు. గడప ముట్టి వస్తా."

"మనసు చెదిరిపోయిండాది," అంది పద్మప్రియ భర్త చెవిలో. తర్వాత సుందరలక్ష్మి చెయ్యి పట్టుకుని, "వదినా, కోడుమూరికి పోవల్ల. జనం వస్తాంటారు," అంది.

"ఎవరు, సైకిలు కొనేటోడా? సాయంత్రం గదా వచ్చేది."

వేణుగోపాల్ ఇక ఉండలేకపోయాడు. "బావే పోయినాక సైకిలు ఎవడు కొంటే ఏముందక్కా."

సైకిలు ఆమె చేతుల్లోంచి జారి రోడ్డు పక్కన పడింది. పొద్దున తాను సరిచేసి వచ్చిన దుప్పటి కళ్లముందు కదిలింది. ఎప్పుడని గానీ, ఎట్లా అని గానీ అడగలేదు. తమ్ముడు కారు తలుపు తీశాడు. పందెం వద్దు, సైకిలూ వద్దనుకుని ఒక కాలు లోపల పెట్టింది. భయమేస్తే ముప్పై ఏళ్లుగా ఆమెకు ఒకటే అలవాటు. చెయ్యి దానంతటదే పోయి భర్త నెంబరు నొక్కింది.

ఎనిమిది సార్లు మోగాక ఎత్తారు.

"ఏమే, చేరినావా? తలకు పోసుకుంటాండా, చెవిలో నీళ్లుండాయి. గట్టిగా మాట్లాడు."

సుందరలక్ష్మి ఫోను తీసి నెంబరు చూసి, మళ్లీ చెవికి పెట్టుకుంది. "ఈ పొద్దులో తలకెందుకు?"

"బజారంతా మూసేసినారు. ఒక్క మనిషీ లేడు. మనోళ్లల్లో ఎవరో పోయినట్టుండాది. నేను అంగడి తీసేకి పోయి, ఒక నిమిషం నిలబడి, దండం పెట్టి వచ్చేసినా."

"ఎవరు పోయింది?"

"ఎవరికీ ఫోను చేసి అడగల్యా. బజారంతా తెలిసిన సంగతి నాకు తెలీదంటే బాగుంటాదా? సాయంత్రానికి తెలుస్తాదిలే."

"నువ్వే," అంది సుందరలక్ష్మి.

అవతల చెంబు బకెట్లో పడిన చప్పుడు వినిపించింది.

"నేనా?" అన్నాడు రామకోటయ్య. కుళాయి కట్టేసి, "శనివారం బేరం పాయె గదే," అన్నాడు.

సుందరలక్ష్మి కారులోంచి కాలు తీసింది. సైకిలు లేపి, హ్యాండిల్ సరిచేసుకుని, ఎక్కింది. మిగిలిన పది కిలోమీటర్లూ కారు ఆమె వెనకే నడిచింది. కిటికీలోంచి పద్మప్రియ, "వదినా, ఒక్క నిమిషం ఆగు, బొట్టు పెడతా," అని కేకేస్తూనే ఉంది. ఆమె ఆగలేదు. టమోటా మార్కెట్టు ముందు లారీల మధ్యలోంచి, దొరల కాలంనాటి మంటపం పక్కనుంచి పోయి, పదకొండుకు పది నిమిషాలుండగా తమ్ముడి గడప ముట్టింది.

గంటన్నరకు శ్రీనివాసులు కారులో రామకోటయ్య దిగాడు. తెల్ల పంచె కట్టుకున్నాడు, తల ఇంకా తడిగానే ఉంది. తన చేతిలోని నిలువెత్తు బంతిపూల దండ ఎక్కడ దాచాలో తెలియక శ్రీనివాసులు వెనకే నిలబడ్డాడు. రామకోటయ్య భార్యను చూశాడు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము పట్టి ఉంది. సైకిలును చూశాడు.

"కోడుమూరు నుంచి దీని మీదనేనా?"

"దీని మీదనే."

ఆయన వంగి టైరు నొక్కి చూశాడు. "నేను సైకిలు మీద గోనెగండ్ల దాటల్యా ఎప్పుడూ," అన్నాడు. దండ అందుకుని సైకిలు హ్యాండిలుకు వేశాడు. పద్మప్రియ అశుభమంది. "నాకు తెచ్చిన దండ, నా ఇష్టం," అన్నాడాయన.

పందెం సంగతి ఆయనకు అక్కడే తెలిసింది. వీడియో కాల్‌లో తేజేశ్వర్ లాయరులా కూర్చున్నాడు. "మామ చెప్పినాడు. కారులో ఒక కాలు పెట్టినావంట గదమ్మా. నిబంధన ప్రకారం..."

"ఆ కాలు నా కోసం పెట్టిందిరా," అన్నాడు రామకోటయ్య. "అది లెక్కలోకి రాదు. వచ్చేటోన్ని రావద్దని చెప్పు."

మరుసటి వారం సుందరలక్ష్మి వెల్దుర్తి దారి పట్టింది. ఆమె లేచేసరికే రామకోటయ్య హెల్మెట్టు తుడిచి, ముందువైపు అరచేయంత ఎర్ర స్టిక్కరొకటి గుండ్రంగా కత్తిరించి అంటించి ఉంచాడు.

"ఇంత పెద్ద బొట్టెందుకు?" అంది ఆమె.

"దేవనకొండ దాకా కనపడల్ల," అన్నాడాయన, అంగడి తాళాలు తీసుకుంటూ.