దొర దయ్యం సాక్ష్యం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చరిత్రాభిమానుల సంఘానికి మూఢనమ్మకాలు లేవని సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. కోనరావుపేట అవతల కోటలాంటి పాత గడిలో తిరిగే దొర దయ్యం మాత్రం మూఢనమ్మకం కిందికి రాదనీ, అది చారిత్రక ఆధారమనీ అదే తీర్మానంలో రెండో వాక్యం.

దాన్ని గుండ్రటి అక్షరాలతో రాసింది గీత. పెళ్లయి నలభై రోజులు. భర్త మహేందర్ ఆమెనూ సంఘంలో చేర్పించాడు. అతని బండి మీద గడికి రావడం, దారిలో చల్లటి నిమ్మసోడా, ఇప్పుడు చేతిలో సంఘం రిజిస్టరు! హిస్టరీలో డిగ్రీ చేస్తే ఇంత సుఖముంటుందని ఆమె అనుకోనేలేదు.

ఆ ఆదివారం గడి ముందు చరిత్ర బోర్డు పెట్టాలి. సభ్యులంతా పట్టపగలే వచ్చారు. భయం వల్ల కాదు, వెలుతురులో చరిత్ర బాగా కనిపిస్తుందని.

అధ్యక్షులు, రిటైర్డు లెక్చరర్ ప్రకాశ్ సారు ఆధారాలు చదివారు. మేడ మీద కిర్రుచెప్పుల చప్పుడు విన్నవారు ఏడుగురు. అత్తరు వాసన తగిలినవారు నలుగురు. ఒక సభ్యుణ్ణి దయ్యం “ఎవడ్రా?” అని గద్దించిందట, ఆయన చేతులు కట్టుకుని ఇంటిపేరు, తాత పేరు చెప్పుకున్నాడట. బోర్డు మీద దొర పేరు ఖాయమైంది.

అప్పుడే ఊళ్లోంచి సాయవ్వ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆమె తండ్రి మొండయ్య ఈ గడి గోడ కట్టే వెట్టికి వచ్చి, రాయి మీదపడి చనిపోయాడు.

“సారూ, గా బోర్డు మీద మా నాయిన పేరు గూడ రాయుండ్రి. నేను పోతే గా పేరు ఎరికున్నోళ్లు ఎవ్వరుండరు.”

“ఆధారమేమన్న ఉన్నదా అవ్వా?”

“నేనున్న గద సారూ! మా అవ్వ కొంగు వట్టుకొని ఈడనే నిలవడి చూసిన.”

బతికున్నవాళ్ల జ్ఞాపకాలను నమ్మడానికి లేదని ప్రకాశ్ సారు పావుగంట ప్రసంగించారు. చివరికి ఉదారంగా అడిగారు: “పోనీ, మీ నాయిన ఎన్నడన్న దయ్యమై కనవడ్డడా?”

“ఎందుకయితడు సారూ? బతికినన్ని దినాలు కంటి మీద కునుకు లేకుండె. సచ్చినంక మంచిగ పండిండు. దొర ఏం పని జేసిండని అలిసిపోతడు? గందుకే ఇంక తిరుగుతుండు.”

గీత రిజిస్టరులో దొర పేరు కింద గబగబా ‘మొండయ్య’ అని రాసింది. అంతలో సారు రిజిస్టరులోకి తొంగిచూశారు. “ఏం రైటింగు బిడ్డా, ముత్యాలే! గీ ఒక్క పేరే కొట్టెయ్.”

మహేందర్ గర్వంగా నవ్వాడు. గీత బుగ్గలు ఎర్రబడ్డాయి. స్కేలు పెట్టి, పేజీ పాడవకుండా, అందంగా కొట్టేసింది. గోడ కట్టి చనిపోయినవారు తగిన ఆధారాలతో స్వయంగా హాజరైతే పేర్లు పరిశీలిస్తామని కింద నోట్ రాసింది.

ఫొటోకు ముందు బోర్డు పెట్టే చోట చెత్త కనిపించింది. ఎవరో సాయవ్వ చేతికి చీపురిచ్చారు. ఆమె వంగి ఊడ్చింది, అందరూ పక్కకు జరిగి నిలబడ్డారు. ఈ సంగతి రిజిస్టరుకెక్కలేదు. చూసినవాళ్లంతా ఇంకా బతికే ఉన్నారు మరి.