ఎవరూ కాల్చకుండా చచ్చినవాడు

ఆ ఆదివారం ఉదయం ఒకుదెరా షిగెయో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరైనా కాలిస్తే నిజాయితీగా చావాలి. అంతే.

"అన్నం ముద్దలు మూడు పెట్టాను. తొందరగా చస్తే తొందరగా తినొచ్చు," అంది భార్య, డబ్బా చేతికిస్తూ.

ఒకుదెరా నవ్వలేదు. జపాన్‌లో చిబా పట్నం శివారు వెదురుతోపులో ఆడే ఆట అది. రెండు జట్లు, బ్యాటరీ తుపాకులు, పూసంత ప్లాస్టిక్ గుళ్లు. తగిలితే మచ్చ పడదు. అందుకని తగిలినవాడే చెయ్యెత్తి "హిట్!" అని అరిచి బయటికి నడవాలి. ఆ తోపులో మనిషి పరువంతా ఆ ఒక్క అరుపు మీదే నిలబడుతుంది. తగిలినా అరవకుండా ఆడేవాణ్ణి జాంబీ అంటారు. అంతకు మించిన తిట్టు అక్కడ లేదు.

కిందటి నెల ముగ్గురు కలిసి ఒకుదెరాను ఆ మాట అన్నారు. గుండు వీపు సంచికి తగిలింది, అతనికి తెలియలేదు. జట్టు నాయకుడు కిత్సుకవా తోఫు, అంటే సోయా పాల జున్ను, అమ్మే దుకాణం నడుపుతాడు. సరుకు ఎంత మెత్తనో మాట అంత గట్టి. "ఇంకొక్కసారి ఆ మాట నా చెవిన పడితే వేరే జట్టు చూసుకోండి," అని మొహం మీదే చెప్పాడు. పదకొండేళ్ల ఆదివారాలు! వార్డు ఆఫీసు కౌంటరు వెనక కూర్చునే ఒకుదెరాకు మిగతా ఆరు రోజుల్లో భుజం తట్టి పలకరించేవాడు ఒక్కడు లేడు.

కాకపోతే ఈ ఆదివారం చేతిలో కొత్త తుపాకీ ఉంది. మీట నొక్కిన ప్రతిసారీ పక్కనున్న రేకు టకటకా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. తుపాకీ మడమలో దాచిన ఇనపదిమ్మ వెనక్కొచ్చి భుజాన్ని గుద్దుతుంది. అచ్చం నిజం తుపాకీ తన్నినట్టే. ఆ తన్ను కోసమే కొన్నాడు.

మొదటి ఆట మొదలైంది. చెక్క అడ్డు వెనక చేరి, ఎదుటి పొదలో కదలిక చూసి ఒకుదెరా మీట నొక్కాడు. భుజం మీద దబ్‌మంది. తుపాకీయేనా? లేక అదే క్షణంలో అవతలి గుండు కూడా తగిలిందా? ప్రవేశద్వారం దగ్గర బోర్డు మీద రాసే ఉంది: సందేహం వస్తే తగిలినట్టే లెక్క. ఒకుదెరాకు సందేహం వచ్చింది.

"హిట్!"

అవతలి పొదలో ఉన్నది ఇనాగాకి ఫుమియే అనే ఆవిడ. మందుల షాపు నడుపుతుంది, అరవై దాటాయి, మైదానానికి రావడం ఇది రెండోసారి. ఆమె జట్టు చప్పట్లు కొట్టింది. ఆమె కంగారుగా వంగి నమస్కారం పెట్టింది.

"శభాష్! ఎంత నిజాయితీ!" అన్నాడు కిత్సుకవా, ఒకుదెరా వీపు తడుతూ.

రెండో ఆటలోనూ అదే అడ్డు, అదే పొద, అదే దబ్. "హిట్!" ఈసారి ఎవరో ఫుమియేకి టీ తెచ్చిచ్చారు.

మూడో ఆటలో ఒకుదెరా విజిల్ మోత ఆగకముందే చచ్చాడు. దాంతో తోపంతా కబురు పాకింది: మందుల షాపావిడ చప్పుడు కాకుండా, మనిషి కనపడకుండా కొడుతోంది! కిత్సుకవా జట్టులో సగం మంది ఆమెకు భయపడి మట్టిలో బోర్లా పడుకుని అక్కడే ఓడిపోయారు.

భోజనాల దగ్గర కిత్సుకవా కూర అన్నం పళ్లెం పక్కన పెట్టేశాడు. "నిజాయితీ ఉండాలండీ, కాదన్ను. కానీ ఇంత ఆత్రమా? అసలు ఎక్కడ తగులుతోంది మీకు?"

"ఇక్కడ. కుడి భుజం మీద. మూడుసార్లూ ఇక్కడే."

"మూడుసార్లూ అక్కడేనా? ఏదీ, ఇటివ్వండి ఆ తుపాకీ." తీసుకుని గురి చూసే పలక వైపు కాల్చాడు. భుజం దబ్‌మంది. మళ్లీ కాల్చాడు. "అయ్యా మహానుభావా! మిమ్మల్ని చంపుతున్నది మీ తుపాకీయే! మధ్యాహ్నం భుజం మీద ఏం పడ్డా పట్టించుకోకండి. ఏనుగు తొక్కినా సరే."

ఒకుదెరా మనసు తేలికపడింది. తప్పు మనసుది కాదు, ఇనపదిమ్మది. ఆఖరి ఆటలో సింహంలా దూకాడు. కాలుస్తూ పరిగెత్తాడు. భుజం దబదబలాడింది, పట్టించుకోలేదు. మధ్యలో ఒక దబ్ కొంచెం మెత్తగా, టప్‌మన్నట్టు అనిపించింది. దాన్నీ పట్టించుకోలేదు. జెండా గుంజను చేరి, గెలిచినట్టు గంట కొట్టాడు.

"జాంబీ!" ఒకటి కాదు, రెండు గొంతులు.

ఆట నిలిచిపోయింది. పసుపు చొక్కా రిఫరీ తొకోరో అందర్నీ గుంజ చుట్టూ పోగు చేశాడు. ఒకుదెరా హెల్మెట్ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. పొద్దుట లేని చావుని మూడుసార్లు ఒప్పుకున్న నోరు ఉన్న చావుని మింగేసింది. ఈ సంగతి ఎవరికి చెబితే నమ్ముతారు? తన ఒంటి మాటనే నమ్మలేకపోతే మనిషి ఇంక దేన్ని నమ్ముకోవాలి?

"అమ్మా, మీరు కాల్చారా? తగిలిందా?" అని ఫుమియేని అడిగాడు తొకోరో.

"తగిలిందండీ. భుజానికే. కళ్లారా చూశాను." ఆమె తుపాకీ కింద పెట్టింది. "కానీ ఇంకో మాట చెప్పాలి. పొద్దుట నేను ఒక్క గుండు కూడా కాల్చలేదు."

"కాల్చలేదా?"

"తుపాకీకి లాకు తియ్యాలని నాకు తెలీదు. భోజనాలప్పుడు ఎవరో తీసిపెట్టారు. మొదటిసారే చెబుదామనుకున్నానండీ, ఈలోగా చప్పట్లు కొట్టేశారు. రెండోసారి టీ ఇచ్చారు. మూడోసారికి ఫొటోలు కూడా అయిపోయాయి. ఇంకేం చెప్పను? ఇప్పుడు ఆయన అరవకపోయింది మోసంతో కాదు. పొద్దుట అబద్ధం ఆడింది నేను."

వెదురాకులు గలగలమన్నాయి. తొకోరో గడ్డం గోక్కున్నాడు. అంతా ఆయన మొహమే చూస్తున్నారు.

"జెండా చెల్లదు," అన్నాడు చివరికి. "కానీ జాంబీ అంటే చచ్చాక కూడా బతికేవాడు. ఈయన ఎవరూ కాల్చకుండానే మూడుసార్లు చచ్చాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలో నా దగ్గర మాట లేదు. జాంబీ అని మాత్రం అననివ్వను."

కిత్సుకవా నేల చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "వచ్చే ఆదివారం ఏడింటికి వ్యాను మీ వీధి మలుపు దగ్గర ఆగుతుంది. ఆలస్యం చెయ్యకండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఏదీ, ఆ తుపాకీ ఇంకోసారి ఇటివ్వండి. ఆ తన్ను భలే ఉంది."

భుజానికి ఆనించి, కన్ను మూసి, మీట నొక్కాడు. ఏమీ కాలేదు. ఆ రోజు మైదానంలో ఎవరికీ సందేహం లేకుండా చచ్చింది ఆ బ్యాటరీ ఒక్కటే.