కమిటీ వారి కుక్క

ఆ ఉదయం ఉద్దానం మీదికి మబ్బులన్నీ కూడబలుక్కుని వచ్చాయి. కొబ్బరి మట్టల దాకా దిగాయి. జీడితోటల్ని ఒకటికి రెండుసార్లు పరిశీలించాయి. ఒక్క చినుకైనా విదల్చకుండా సముద్రం వైపు వెళ్లిపోయాయి.

పాఠకులారా, పర్యవేక్షణ అంటే అదీ!

ఈ దేశాన్ని పోలీసులు కాపాడుతున్నారని కొందరు, పంతుళ్లు కాపాడుతున్నారని కొందరు అనుకుంటారు. పొరపాటు! కాపాడుతున్నవి స్థానిక పర్యవేక్షణ కమిటీలు. పైనుంచి గ్రాంటు వస్తుంది. చూసేవాడు లేకపోతే అది నేరుగా పోయి పిల్లల మీద ఖర్చయిపోదూ? మధ్యలో అడ్డుపడడానికి పెద్దమనుషులు ఉండొద్దూ?

మాకున్నారు. పలాస నుంచి వజ్రపుకొత్తూరు పోయే దారిలో మా పంచాయతీ. గంజాయిని అరికట్టడానికీ, పిల్లల్ని సంరక్షించడానికీ వచ్చిన గ్రాంటు సవ్యంగా ఖర్చవుతోందా లేదా అని చూసే కమిటీకి మన్మథరావు గారు చైర్మన్. జీడిపిక్కల బట్టీ ఆయనదే, గోడౌను ఆయనదే, ఊళ్లో ఏ పెళ్లయినా మొదటి అక్షింతలు ఆయనవే. కార్యదర్శి ఆయన బావమరిది కూర్మారావు. తక్కిన సభ్యులు వియ్యంకులు. ఇంటివాళ్లయితేనే కదా, ఇంటిగుట్టు కాపాడేది!

మొదటి మీటింగులోనే కమిటీ గొప్ప పని చేసింది. ‘మత్తు వద్దు, చదువు ముద్దు’ అని మన్మథరావు గారి నవ్వు మొహంతో ఫ్లెక్సీ వేయించి బడి గోడకు కట్టింది. బడి కిటికీలకు తలుపుల్లేవు. చైర్మన్ గారి చెంపలు ఆ కిటికీల్ని పూర్తిగా మూసేశాయి. ఆ వానాకాలం ఒక్క పిల్లాడు తడవలేదు. ఇది బాలల సంరక్షణ కాక మరేమిటండీ?

ఇక మిగిలింది గంజాయి. కూర్మారావు దానికీ ఉపాయం చెప్పాడు.

“బావా, గంజాయి పట్టాలంటే కుక్కుండాల. పోలీసోల్లకుంతాది. మనకేటి తక్కువ?”

మన్మథరావు గారికి ఆ మాట నచ్చింది. తనకు తక్కువేమిటన్న ప్రశ్న ఎవరు వేసినా ఆయనకు నచ్చుతుంది. బరంపురం నుంచి ఒకడు కుక్కను పట్టుకొచ్చాడు. అసలైన జర్మనీ జాతి అన్నాడు. ఒక చెవి నిలబడి ఉంది, ఒకటి వాలిపోయి ఉంది. నిలబడ్డది జర్మనీది, వాలినది సోంపేటది అయి ఉంటుందని మేం సర్దిచెప్పుకున్నాం. కమిటీ దానికి జవాను అని పేరు పెట్టి, శాలువా కప్పింది. శాలువాను అది ఆ మధ్యాహ్నమే తినేసింది.

జవానుకు సొంత షెడ్డు శాంక్షన్ అయ్యేదాకా ఎక్కడ ఉంచాలి? మన్మథరావు గారు త్యాగం చేశారు. బట్టీ వెనక, పిక్కలు కొట్టే పాకలో చోటిచ్చారు. పాకకు అద్దె గ్రాంటులోంచి. త్యాగానికి కూడా రసీదు ఉండాలి కదా!

ఆ పాకలో పిల్లలు కూర్చుని కాల్చిన పిక్కలు కొడుతుంటారు. బడి మానేసిన పిల్లలు. వాళ్లే జవానుకు తమ కేరేజీల్లోంచి ఇంత పెట్టేవారు. కాలిన పిక్కల వాసన, చిన్న చేతుల వాసన... దానికి తెలిసిన లోకం ఇంతే. గంజాయి వాసన చూపించాలని కమిటీలో ఎవరికీ తట్టలేదు. కుక్కకు పుట్టుకతోనే వస్తుందనుకున్నారు, మన్మథరావు గారికి నాయకత్వం వచ్చినట్టు.

అన్నిటికంటే కమిటీకి పెద్ద బెడద బొడ్డమ్మ. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద బతుకుతోంది. పలాస బస్సు దిగి నేరుగా మీటింగుకొచ్చి గుమ్మంలో కూలబడేది.

“బాబూ, మా మనవరాలు గుంట కీర్తికి ఆస్టల్ బడిలో సీటొచ్చింది. ఎనిమిదిలో సేర్సుకుంతారట. కమిటీ సంతకం కావాలన్నారు. తవరు పెట్టీస్తే పంపీత్తాను. నాను ఎన్నాల్లుంతాను సెప్పండి?”

మన్మథరావు గారి గుండె కరిగేది. కరిగిన గుండెతో సంతకాలు పెట్టకూడదని ఆయన నియమం.

“సూద్దాం అప్పా. నానొక్కడినే పెట్టీస్తే రేపెవడైనా ఏటంటాడు? కమిటీలో పెట్టాల.”

ఎందుకు పెట్టలేదో ఆయన మనసుకు తెలుసు. కీర్తి పిక్క కొడితే పప్పు బద్దలుగా విరగదు, గుండుగా వస్తుంది. అలాంటి చెయ్యి పాకలో మరొకటి లేదు. అంత పనితనం ఉన్న పిల్లను అక్షరాల పాలు చెయ్యడానికి ఏ చైర్మన్‌కు చేతులొస్తాయి?

మబ్బులొచ్చి పోయిన ఆ రోజే జిల్లా ఆఫీసు నుంచి ప్రమోదిని మేడమ్ గ్రాంటు తనిఖీకి వచ్చారు. హాస్టల్ సీటుకు గడువూ ఆ రోజే. బొడ్డమ్మ తెల్లవారకుండానే వచ్చి పంచాయతీ మెట్ల మీద కూర్చుంది. మన్మథరావు గారు లెక్కలు వేసుకున్నారు. పిల్లల్ని పన్లోకి రావొద్దంటే పప్పు ఆర్డరు ఆగిపోతుంది. రమ్మంటే మేడమ్ కళ్లలో పడతారు. అందుకని రానిచ్చి, పాక తలుపేయించి, బయట గొళ్లెం పెట్టించారు.

మేడమ్ ముందు జవాను ప్రదర్శన మొదలైంది. పోలీసులు ఇచ్చిన నమూనా పొట్లాన్ని కొబ్బరికాయల కుప్పలో దాచారు. తప్పెటగుళ్ల బృందం గుండెల మీద రేకులు మోగించింది. జవాను గొలుసు పట్టుకుని కూర్మారావు ముందుకొచ్చాడు.

“ఎల్లరా జవానూ! ఎల్లి పట్టు!”

జవాను వెళ్లింది. కుప్పను వాసన చూసింది. పొట్లం ఉన్నచోటే కాలెత్తింది.

“గుర్తెట్టింది మేడమ్!” అని కూర్మారావు అరిచేలోపు గాలి తిరిగింది. బట్టీ వైపు నుంచి కాలిన పిక్కల వాసన గుప్పుమంది. జవాను రెండు చెవులూ లేచాయి, సోంపేట చెవితో సహా! గొలుసు లాక్కుని పరుగందుకుంది. గొలుసు వెనక కూర్మారావు. ఆయన చెప్పులు ఒకటి తోటలో, ఒకటి కాలవలో. ఆయన వెనక చైర్మన్ గారు, మేడమ్, వియ్యంకులు. ఇదీ ప్రోగ్రాంలో భాగమే కాబోలనుకుని తప్పెటగుళ్ల వాళ్లు గంతులేస్తూ, పాడుతూ వెంటపడ్డారు. గంజాయి మీద ఇంత ఉత్సాహంగా యుద్ధం మరే జిల్లాలోనైనా జరిగిందా?

జవాను పాక తలుపు దగ్గర ఆగి గోళ్లతో బరికింది.

“లోపల పాములున్నాయి మేడమ్,” అన్నారు మన్మథరావు గారు.

“జవానూ, ఉండ్రా! గొల్లెం బయటున్నాది!” అంది పాము, కిలకిలా నవ్వుతూ.

మేడమ్ గొళ్లెం తీశారు. నేల మీద పిక్కల గుట్టలు. గుట్టల వెనక పిల్లలు. జవాను నేరుగా పోయి కీర్తి ఒళ్లో తల పెట్టుకుంది. తప్పెట్లు ఆగిపోయాయి. మన్మథరావు గారు ముందుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇలాంటప్పుడే నాయకుడెవడో తెలుస్తుంది!

“మేడమ్, ఇదే... మా బాలల సంరక్షణ కేంద్రం!”

“అవును మేడమ్,” అన్నాడు కూర్మారావు రొప్పుతూ. “తవరి సేతుల మీద ఓపెనింగ్ సేయిద్దారని మూసీ ఉంచినాం.”

చూడండి! ఎండ తగలదు, వాన తడపదు, గంజాయి అమ్మేవాడు గొళ్లెం దాటి రాలేడు. ఇంతకంటే సంరక్షణ ఏముంది? మేడమ్ పిల్లల వైపు చూశారు, గడియారం వైపు చూశారు. సాయంత్రంలోపు ఆవిడ ఇంకా టెక్కలి దాకా తనిఖీలు చేసుకుంటూ పోవాలి. అప్పటికే ఎవరో ఫోను ఎత్తి ఫొటోకు సిద్ధంగా ఉన్నారు. రిబ్బను లేదు. జవాను గొలుసునే గుమ్మానికి అడ్డంగా కట్టారు. గొలుసు కత్తిరించడం కుదరదు గనక మేడమ్ కొక్కెం విప్పారు. చప్పట్లు!

చప్పట్లలోంచి బొడ్డమ్మ ముందుకొచ్చింది.

“బాబూ, సంతకం. ఇయ్యాలే ఆకరు.”

“ఏటప్పా ఇంకా!” మన్మథరావు గారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ దొరకని జవాబు దొరికింది. “గుంట ఇప్పుడు గవర్నమెంటు సెంటర్లో ఉన్నాది. ఒక మనిసికి రెండు స్కీములు రూల్సొప్పుకోవు. అడుగు, మేడమ్‌నే అడుగు.”

మేడమ్ మళ్లీ గడియారం చూసి, “రూలు అలాగే ఉందమ్మా,” అన్నారు.

విధి నిర్వహణలో విఫలమైనందుకు జవానును తీసేస్తూ కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. గంజాయిని పట్టమంటే పిల్లల్ని పట్టే కుక్క ఎవరికి కావాలి?

ఇప్పుడు చెప్పండి. ఈ కమిటీయే లేకపోతే ఏమయ్యేది? బడి కిటికీలకు తలుపులు వచ్చేవి. ఆ వెధవ గంజాయి పొట్లాలు పలాసలో రైలెక్కించేవాడెవడో ఎవరైనా కనుక్కునేవారు. కీర్తి ఈపాటికి పుస్తకాల సంచీ తగిలించుకుని హాస్టల్ గేటు దాటి ఉండేది. ఎంత ప్రమాదం తప్పింది!

తర్వాత భోజనాలు. బట్టీ వరండాలో అందరం ఒకే బంతిలో కూర్చున్నాం. ఫొటో కోసం పిల్లల్నీ కూర్చోబెట్టారు. విస్తళ్లలో వేడన్నం, మీద జీడిపప్పు కూర, కారం దిట్టంగా.

కీర్తి అన్నంలో చెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీసుకుంది. జీడిపిక్కల రసానికి కాలి, ఆ పిల్ల వేళ్ల కొసల్లో తోలు ఊడిపోయి ఉంది. బొడ్డమ్మ దగ్గరకు జరిగి, మనవరాలి అన్నం తాను కలిపి, ముద్ద చేసి నోటికి అందించింది.

మేడమ్ తన విస్తరి చూసుకున్నారు. మన్మథరావు గారు తన విస్తరి చూసుకున్నారు. నేను నా విస్తరి చూసుకున్నాను. ముద్ద వెనక ముద్ద, ఆ గుంట తినడం అయ్యేదాకా ఒక్కరూ తల ఎత్తలేదు.