జాతీయ పంటి రంగు

"ఈరోజు నుంచి బల్గేరియా నోట్లో లోహమన్నది ఉండదు!" అని ఉపమంత్రి గెర్జికోవ్ గారు మా ఊరి ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. బ్యాండు మోగింది. లోహపు ఫిల్లింగులు తీసేసి, పంటి రంగులో కలిసిపోయే తెల్లవి పెట్టే ఆ పథకానికి మొదటి లబ్ధిదారును నేనే. అంతటి గౌరవం మా వంశంలో ఎవరికీ దక్కలేదు.

నా కుడి దవడ పంటిలోని ఫిల్లింగు నేను పొగాకు సహకార సంఘంలో పనిచేసిన నాటిది. ముప్ఫై ఏళ్ళుగా అక్రోట్లు నమిలి పెట్టింది. ఆ పక్క నమలడానికి నాకు మిగిలింది ఆ పన్నొక్కటే.

"ఇది బాగానే ఉంది కదండీ, తీయడమెందుకు?" అంది పళ్ళ డాక్టరు రాలిత్సా.

"అమ్మా, మంత్రిగారి ప్రసంగం అచ్చయిపోయింది," అన్నాడు ఉపమంత్రిగారి కార్యదర్శి పెంచెవ్.

చప్పట్ల మధ్య పాత ఫిల్లింగు తీసేశారు. డాక్టరు తెల్లమందు పెట్టె తెరిచింది. అందులో పదహారు రంగులున్నాయి.

పెంచెవ్ ముఖం పాలిపోయింది. "పదహారేమిటి? ఉత్తర్వులో 'పంటి రంగు' అని ఒక్కటే ఉందే!"

"ఒక్కొక్కరి పన్ను ఒక్కో రంగు సార్. ఈ అవ్వది కాస్త పసుపు."

"ఒక్క దేశానికి పదహారు పంటి రంగులా! రేపు పార్లమెంటులో ఎవరైనా అడిగితే?"

పెట్టెకు సీలు పడింది. కమిటీ పడింది. నా పంటి గుంతలో దూది పడింది.

పదకొండు వారాలు చిక్కుడుగింజల పులుసు తాగాను. "ఏం వదినా, ప్రభుత్వం తవ్వి వదిలేసిందా? మా వీధిలో పైపుల గుంతకి నాలుగేళ్ళు నిండాయి," అని ఆడపడుచు జ్లాత్కా ఓదార్చింది. డాక్టరు మాత్రం దూది మార్చినప్పుడల్లా మొహం చిట్లించేది. "ఇంకో వారం దాటితే పీకడమే అవ్వా."

ఆ వారంలోనే కమిటీ తేల్చింది. జాతీయ పంటి రంగు ఉపమంత్రిగారి పంటి రంగేనట. వారు స్వయంగా విచ్చేశారు. డాక్టరు రంగుల పట్టీని వారి పళ్ళ పక్కన పెట్టి చూసింది. పదహారింటిలో ఒక్కటీ కలవలేదు.

పొగాకు ఆకును రంగు చూసి వేరుచేసి బతికినదాన్ని, ఊరుకోలేకపోయాను. "ఇది మా స్నానాలగది గోడ పలకల రంగు నాయనా," అన్నాను.

"నోరు మూసుకో అవ్వా!" అన్నాడు పెంచెవ్.

"మూసుకుంటే దూది లోపలికి పోతుంది బాబూ."

అయితే నమూనా రాజధాని సోఫియాకు పంపక తప్పదని అతను నసిగాడు. త్యాగమంటే ఏమిటో అప్పుడు చూశాను. ఉపమంత్రిగారు నోట్లో చెయ్యి పెట్టి, పై వరస మొత్తం ఊడదీసి పెంచెవ్ అరచేతిలో పెట్టారు. అతను వాటిని కవరులో వేసి, సీలు వేసి, వారికి రసీదు ఇచ్చాడు. ఆపైన వారు అరగంట ప్రసంగించారు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. చప్పట్లు కొట్టాం. మర్నాడు పేపర్లో ఆ ప్రసంగం పొల్లు పోకుండా పడింది.

గురువారం నా పన్ను పీకేశారు. డాక్టరు దాన్ని కడిగి, నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడింది.

నెల తర్వాత అనుమతి వచ్చింది. "లబ్ధిదారు తన పంటితో సహా హాజరు కావలెను" అని ఉంది. రుమాల్లో చుట్టుకుని హాజరయ్యాను.

"ఏం చెయ్యను అవ్వా?" అంది డాక్టరు.

"పెట్టెయ్యమ్మా. ఇంతమంది వచ్చారు కదా."

పన్నును సాసరులో పెట్టి తెల్లమందు నింపింది. బ్యాండు మోగింది. ఉపమంత్రిగారి పళ్ళు ఇంకా ఫైలులోనే ఉన్నాయట. ఫొటోకి ఇద్దరం నోరు మూసుకునే నవ్వాం. మా మధ్య సాసరులో నా పన్ను తెల్లగా మెరిసింది.