తీగ లేని పెట్టె

దర్జీ పెరడు పోవడానికి కారకుడెవరని అడిగితే టిక్కుల మాస్టారి పేరే చెప్పాలి. ఆయన మాస్టారూ కాదు, మరొకటీ కాదు. నెట్ లైన్ల శాఖలో లైన్‌మన్. చేతిలో జాబితా, జాబితాలో గళ్లు, గడి కనిపిస్తే టిక్కు. ప్రతి గడపకూ నెట్ ఇచ్చే పూచీ తనదేనని ప్రభుత్వం చాటింది. ఆ పూచీని ఈయన భుజానికెత్తుకుని, దర్జీ ఇంటి గోడకు తెల్ల పెట్టె బిగించి, వేలిముద్ర వేయించుకుని, టిక్కు కొట్టుకుని పోయాడు. తీగ మాత్రం వేయలేదు.

సోమవారం పొద్దున దర్జీకి ఒకటే పని. పెరడు తనదేనని రుజువు చూపమంటూ నోటీసు వచ్చింది. శుక్రవారంలోగా తన ఇంటి నెట్ నుంచే అభ్యంతరం పంపాలి, లేకుంటే ఆ జాగా సర్కారుది. అతని కుట్టు షెడ్డు ఉన్నది ఆ పెరట్లోనే. పది నిమిషాల్లో పంపేసి మిషను మీద కూర్చుందామనుకున్నాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. శాఖ ఆఫీసుకు వెళ్లాడు.

"బాబూ, మా ఇంటికి నెట్ రావట్లేదు."

"ఫిర్యాదు నెట్‌లోనే పెట్టాలి పెద్దాయనా."

"అసలు నెట్టే లేదు మొర్రో అంటుంటే!"

గుమాస్తా జాలిపడ్డాడు. తన కంప్యూటర్‌లో దర్జీ ఇంటి నంబరుతో లోపలికి వెళ్లి, దర్జీ తరఫున తానే ఫిర్యాదు కొట్టాడు. కొంప మునిగింది అక్కడే.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మం బయట నిలబడి ఉంది. "ఏవండీ, అది కన్ను తెరిచింది."

తీగ లేని పెట్టెలో పచ్చదీపం వెలుగుతోంది. తాకితే జ్వరమొచ్చిన నుదురులా వెచ్చగా ఉంది. దర్జీ దాని మీద అస్తరు గుడ్డ కప్పాడు. గుడ్డ వెనక నుంచి కూడా అది చూస్తూనే ఉంది.

"గోడకి చెవులుంటాయని విన్నాను గానీ, కన్ను మొలవడం ఇదే చూడ్డం," అంది భార్య.

మంగళవారం గుమాస్తా నవ్వాడు. "మీ లైను భేషుగ్గా ఉందండీ! నిన్న మీ నంబరు నుంచే ఫిర్యాదు వచ్చింది. లైను లేకపోతే ఎలా వస్తుంది?"

"అది కొట్టింది నువ్వే కదయ్యా!"

"ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదుగా. ఉండండి, ఇంకోటి పెడతా."

"పోనీ ఆ అభ్యంతరం కూడా నువ్వే కొట్టు బాబూ."

"అమ్మో! ఒకరి భూమి మీద ఇంకొకరు పంపడం నేరమండీ."

ఆ రోజు పెట్టెలో రెండో దీపం వెలిగింది. బుధవారం ఇంకో ఫిర్యాదు, మూడో దీపం. భార్య ఆ గదిలోకి వెళ్లడం మానేసింది.

గురువారం తలుపుకు తాళం పెట్టి, ఆమెను సాక్ష్యానికి తీసుకెళ్లాడు. గుమాస్తా ఆ రోజు ఫిర్యాదు కొడుతూ కొడుతూ తెర చూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, మీ ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. తాళం వేసొచ్చాం."

"ఎవరో ఉన్నారు. ఇప్పుడే, ఈ క్షణమే వాడుతున్నారు."

భార్య దర్జీ చొక్కా పట్టుకుంది. "ఎవరు బాబూ?"

గుమాస్తా చదివాడు. దర్జీ పేరే.

"ఎవరైతేనేం, ఈ పేటలో అందరికన్నా ఎక్కువ వాడకం మీదే," అన్నాడు గుమాస్తా, టైపు ఆపకుండా.

శుక్రవారం ఇద్దరూ ఇల్లు కదల్లేదు. పెట్టె ముందు దండం పెట్టినంత పని చేశారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి గానీ ఫోన్‌లోకి నెట్ రాలేదు. సాయంత్రం అయిదుకు గడువు దాటింది.

శనివారం టిక్కుల మాస్టారు ఇనప కమ్ములతో, కూలీలతో దిగాడు.

"శుభం బాబాయ్! ఎక్కువ వాడే ఇంటి పక్కనే టవర్ కట్టమన్నారు. వెనకాల జాగా సర్కారుదేనట, ఎవరూ అడ్డు చెప్పలేదు."

"నేను చెప్తున్నా! నోటితో చెప్తున్నా, విను!"

మాస్టారు జాబితా తిరగేశాడు. "నోటికి గడి లేదు బాబాయ్."

షెడ్డు కూలింది, టవర్ లేచింది. ఆ సాయంత్రమే దర్జీ ఫోన్‌లోకి నెట్ వరదలా వచ్చిపడింది. అభ్యంతరాల పేజీ రెప్పపాటులో తెరుచుకుని, గడువు ముగిసిందని చెప్పింది.

నెట్ ఉచితమే, పోయింది నూట పద్దెనిమిది గజాలు.