ఆదిత్యమిత్రకు షామియానా

"సూర్యుడే నా గురువు! ఎండే నా ఎరువు!"

నరసరావుపేట బట్టల వ్యాపారి నాగభూషణం గారు ఈ మహావాక్యాన్ని ఏసీ హాల్లో, శాలువా కప్పుకుని పలికారు. సూర్యప్రియ పుష్ప సంఘం చప్పట్లు కొట్టింది. ఆ సంఘంలో అందరికీ ఎండంటే ప్రాణం! తగిలితే పోతుందేమోనని కాస్త దూరంగా ఉంటారు, అంతే.

సంఘానికి అధ్యక్షుడు ఆయనే. సంఘం ఇచ్చే 'ఆదిత్యమిత్ర' బిరుదుకు ఏకైక పోటీదారూ ఆయనే. ఆయన డాబా మీది గడ్డిగులాబీలు చూసి ఉద్యానశాఖ అధికారి హిమజ సరేనంటే బిరుదు ఖాయం. మొక్కలు పెంచింది మాత్రం భార్య కృష్ణవేణి. అంత చిన్న విషయం సంఘం దాకా ఎందుకని ఆయన చెప్పలేదు.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే షామియానాల రసూల్‌కు కబురు వెళ్ళింది.

"రసూలూ, డాబా మొత్తం కప్పెయ్! మేడమ్ మీద ఎండపొడ పడకూడదు."

"మరి మొక్కలో అన్నా?"

"మొక్కలకేందిరా, అవి రోజూ ఉండేవేగా!"

కృష్ణవేణి నీళ్ళ మగ్గుతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏందండీ ఇది? ఎండెక్కకపోతే గడ్డిగులాబీ విచ్చదు!"

"ఏమే, వచ్చేది ఆఫీసరమ్మ! పూల కోసం ఆమెను మాడుస్తామా?"

పదకొండింటికి హిమజ వచ్చారు, వెంట సంఘమంతా వచ్చింది. కూలర్లు విచ్చలవిడిగా వీస్తున్నాయి. పూలు మాత్రం విచ్చలేదు.

"పూలేవండీ?"

నాగభూషణం ముడుచుకున్న మొగ్గల వంక చూశారు. బిరుదు కళ్ళముందే వాడిపోతోంది! "మర్యాద తెలిసిన పూలు మేడమ్! పెద్దలు రాగానే ముడుచుకున్నాయి."

సంఘం చప్పట్లు కొట్టింది. హిమజ కొట్టలేదు. "ఆ గుడ్డ తీయించండి."

రసూల్ తాళ్ళు లాగాడు. పల్నాటి ఎండ దభాలున డాబా మీద పడింది. కాసేపటికి గడ్డిగులాబీలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. ఎరుపు, పసుపు, గులాబీ! అవి విచ్చుకుంటున్న కొద్దీ సంఘం ముడుచుకుపోయింది. కర్చీఫులు నెత్తికెక్కాయి. మెట్లగది నిండిపోయింది.

"అద్భుతం!" అన్నారు హిమజ, సంఘం కాగితం చుట్టి తెచ్చిన షీల్డు చేతిలోకి తీసుకుంటూ. "ఆదిత్యమిత్ర గారూ, రండి, మొక్కల మధ్య నిలబడి షీల్డు అందుకోండి."

అధ్యక్షుల వారు ఒక అడుగు బయటపెట్టి, నెత్తి తడుముకుని, రెండడుగులు వెనక్కి వేశారు. "మేడమ్, షీల్డే ఇటు పంపండి!"

"పెంచినవాళ్ళు ఇక్కడికి రావాలండీ."

"అట్లాగా! ఏమే, నువ్వు పోయి పట్టుకురా! పెంచింది నువ్వేగా!"

మెట్లగదిలో చప్పట్లకు ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

కృష్ణవేణి తాపీగా ఎండలోకి నడిచింది. హిమజ షీల్డు మీది కాగితం విప్పారు. బంగారు అక్షరాలు మెరిశాయి: 'ఆదిత్యమిత్ర నాగభూషణం'.

"ఇదేమిటి? పేరు ముందే వేయించేశారా?"

"పర్లేదు మేడమ్." కృష్ణవేణి దాన్ని ఒక కుండీకి ఆనించి, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టింది. "నాలుగు వారాలు ఈడుంటే ఆ పేరు అదే వెలిసిపోద్ది."

"ఏమే! నీడలో పెట్టు! నీడలో పెట్టు!" మెట్లగదిలోంచి కేకలు వినబడ్డాయి.

బయటికి మాత్రం ఎవరూ రాలేదు.