కణాల చెవుడు, ఘనుల చెవుడు

ఒహాయోలో ఓ చిన్న కాలేజీ నేలమాళిగలో కణాలకు చెవుడు పట్టిందని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము.

కణానికి, అదే ఇంగ్లీషులో సెల్లుకు, చెవులేమిటంటారా? ఒంటినిండా చెవులే. గ్రాహకాలంటారు వాటిని. హార్మోను వచ్చి తాకితే లోపలికి కబురు వెళుతుంది, రంగు పట్టించిన కణం పచ్చగా మెరుస్తుంది. డిగ్రీ మూడో ఏడు చదివే మారెన్ హాల్వర్సన్ పెంచిన కణాలు మాత్రం మెరవడం మానేశాయి. శుక్రవారం పోస్టర్ల ప్రదర్శన. అప్పటికి మెరుపు చూపకపోతే వేసవికి ల్యాబులో ఆమె బల్ల ఇంకొకరిది. గ్రాహకాలు గ్రహించకపోవడం పాపం ఆమె గ్రహపాటు.

"మోతాదు పెంచు," అన్నారు ప్రొఫెసర్ కెస్లర్. పెంచింది. చీకటి. "ఇంకా పెంచు!" అమావాస్య.

బుధవారం మారెన్‌కు విషయం బోధపడింది. హార్మోను ఎడాపెడా కుమ్మరిస్తే కణం తన చెవులను లోపలికి లాగేసుకుంటుంది, నసగాడు వస్తుంటే మనం తలుపేసుకున్నట్టు. కొన్నింటిని శుభ్రంగా కడిగి, రోజంతా వాటి మానాన వాటిని వదిలేసింది. మర్నాడు ఒక్క చుక్క వేస్తే దీపావళి!

"సార్, మోతాదు తగ్గిస్తే..."

"పెంచమన్నానుగా!"

"అది కాదు సార్, వాటి చెవులు..."

"నా చెవులు బాగానే ఉన్నాయమ్మా. పెంచు!"

పక్కబల్ల డెషాన్ గొణిగాడు: "నువ్వు కడిగెయ్యాల్సింది కణాల్ని కాదు తల్లీ, ఆయన్ని."

ఆమె కడగలేదు. పోస్టరు మీద మాత్రం పెద్దక్షరాలతో వేసింది: "సెల్ సిగ్నల్: తక్కువ చెబితే ఎక్కువ వింటుంది."

శుక్రవారం డీన్ విట్లాక్ గారు విచ్చేసి, మొదటి రెండు మాటలు చదివి పులకించారు. "సెల్ సిగ్నలా! భేష్! ఆ నేలమాళిగలో నా ఫోను ఏనాడూ మోగి చావదు. సాధించావన్నమాట!"

మారెన్ నోరు తెరిచింది. "సాధించాం," అన్నారు కెస్లర్.

మొదటి బహుమతి ఆమెకే. డీన్ గారు మైకందుకున్నారు. "మిత్రులారా! వినడమే విజ్ఞానం! వినని సమాజం..." ముప్పావుగంట గడిచేసరికి హాలంతా తలలు వంచి ఫోన్లలో దూరింది. కెస్లర్ గారు అందరికంటే లోతుగా దూరారు. తన ప్రయోగం మనుషుల్లోనూ ఫలించినందుకు మారెన్ ఒక్కతే నవ్వుకుంది.

వేసవికి బల్ల దక్కింది. పని: నేలమాళిగలో ఫోను మోగించడం.

మరి కణాల సంగతేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరైనా అడుగుతారనుకున్నాం. మీ సెల్లు మోగుతున్నట్టుంది, చూసుకోండి.